చీలమండ బీపీ తక్కువొస్తే నమ్మాలి, నార్మల్ వస్తే ఇంకోసారి చూడాలి

కాలి ధమనుల్లో పూడిక ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు మొట్టమొదట చేయించే పరీక్ష చాలా చిన్నది. చేతికి బీపీ చూస్తారు, చీలమండ దగ్గర బీపీ చూస్తారు, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. వచ్చిన అంకె పేరు యాంకిల్ బ్రేకియల్ ఇండెక్స్, పొట్టిగా ఏబీఐ. సూది గుచ్చరు, రంగు మందు ఎక్కించరు, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పూడిక ఉన్నట్టు లెక్క. 1.00 నుంచి 1.40 వరకు నార్మల్. 0.91 నుంచి 0.99 వరకు ఇటూ అటూ కాని స్థితి. 1.40 దాటిందంటే ధమని గట్టిపడిపోయింది, ఆ కొలత పనికిరాదు అని అర్థం.

చూడడానికి ఇంత సూటిగా ఉన్న ఈ పరీక్ష రెండు వైపులా ఒకేలా నమ్మదగినది కాదు. అంకె తక్కువగా వచ్చినప్పుడు అది చెప్పేది చాలావరకు నిజం. నార్మల్‌గా వచ్చినప్పుడు మాత్రం, అది ఎవరి కాలు అన్నదాన్ని బట్టి నమ్మకం మారిపోతుంది. నలభై ఐదేళ్ళ మనిషి, షుగర్ లేదు, పొగతాగే అలవాటు లేదు, నార్మల్ వచ్చింది అంటే నిశ్చింతగా ఉండొచ్చు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉన్న అరవై ఐదేళ్ళ మనిషికి బొటనవేలి మీద మానని పుండు ఉంది, రిపోర్టులో 1.12 అని ఉంది అనుకోండి. ఆ 1.12ని చూసి ‘రక్తప్రసరణ బాగానే ఉంది, డ్రెస్సింగ్ చేయించుకోండి’ అని పంపించేస్తే వారాలు గడిచిపోతాయి, వేలు నల్లబడుతుంది. అప్పుడు తీసిన యాంజియోగ్రామ్‌లో మోకాలి కింద ధమనులు మూసుకుపోయి కనిపిస్తాయి. పరీక్షలో తప్పు జరగకపోయినా ఇలా కావచ్చు. అందుకే ఆ అంకె ఎలా పుడుతుందో రోగికీ ఇంట్లోవాళ్ళకీ కాస్తయినా తెలిసి ఉండాలి.

పడుకుని ఉన్న ఆరోగ్యవంతుడికి చీలమండ దగ్గరి పై బీపీ చేతి బీపీ కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 15 పాయింట్లు. గుండె నుంచి బయల్దేరిన ఒత్తిడి అల కింది చిన్న నాళాల దగ్గర తిరిగి వెనక్కి కొట్టుకుని పెరగడమే దీనికి కారణం. దారిలో ఎక్కడైనా గట్టి పూడిక ఉంటే దాన్ని దాటేసరికి ఒత్తిడి పడిపోతుంది. ఈ తేడాను పట్టుకుని కాలి జబ్బును గుర్తించవచ్చని 1950లో విన్సర్ అనే అమెరికన్ డాక్టరు రాశాడు. 1969లో లండన్‌లో యావో అనే డాక్టరు బృందం, రక్త ప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే డాప్లర్ పరికరంతో చీలమండ ఒత్తిళ్ళు కొలిచి, జబ్బు ముదిరేకొద్దీ అంకె దిగుతుందని చూపించింది. ఇప్పుడు వాడుతున్న పద్ధతి ఆ పని మీద నిలబడినదే.

పరీక్షను సరిగ్గా చేసే చోట ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి 5 నుంచి 10 నిమిషాలు ఊరికే ఉంచుతారు. గది మరీ చల్లగా ఉండకూడదు. అంతకుముందు రెండు గంటలు సిగరెట్టు, బీడీ తాగి ఉండకూడదు. చీలమండ ఎముకకు రెండు సెంటీమీటర్ల పైన పట్టీ చుడతారు. పాదం పైభాగాన ఉన్న ధమని మీద, మడమ లోపలి వైపు ఉన్న ధమని మీద జెల్ రాసి, పెన్నులాంటి డాప్లర్ ప్రోబ్‌ను వాలుగా ఆనిస్తారు. స్పీకర్లోంచి గుండె లయతో పాటు ‘హుష్.. హుష్’ అని చప్పుడు వస్తుంది. పట్టీలో గాలి నింపుతూ పోతే ఆ చప్పుడు ఆగిపోతుంది. మెల్లగా గాలి వదులుతుంటే ఒక చోట మళ్ళీ మొదలవుతుంది. ఆ క్షణంలో మీటరు మీద ఉన్న అంకే ఆ ధమని ఒత్తిడి. ఇలా రెండు కాళ్ళలో నాలుగు ధమనులు, రెండు చేతులు, మొత్తం ఆరు కొలతలు తీస్తారు.

చేయి తిరిగిన టెక్నీషియన్ అంకెతో పాటు ఆ చప్పుడునూ వింటాడు. బాగున్న ధమనిలో ఒక్కో గుండె కొట్టుకి రెండు మూడు విడివిడి శబ్దాలు వినిపిస్తాయి: ముందుకు దూకే రక్తం, కొంచెం వెనక్కి తగ్గడం, మళ్ళీ ముందుకు. పూడిక దాటి వచ్చిన రక్తం ఒకే మెత్తని శబ్దంగా, అలుపుతో వస్తున్నట్టు వినిపిస్తుంది. అంకె నార్మల్‌గా ఉండి చప్పుడు ఇలా ఉంటే చప్పుడునే పట్టించుకోవాలి. చాలా రిపోర్టుల్లో ఈ సంగతి రాయరు, అంకె ఒక్కటే రాస్తారు. అలా వదిలేసిన సమాచారం చిన్నది కాదు.

లెక్క దగ్గర కూడా ఒక పేచీ ఉంది. ఒకే చీలమండలో రెండు ధమనులకు రెండు వేర్వేరు ఒత్తిళ్ళు రావచ్చు. చేతుల్లో ఎక్కువగా వచ్చిన బీపీ 140, కుడి చీలమండలో ఒక ధమనికి 130, ఇంకోదానికి 98 అనుకుందాం. పెద్దదాన్ని తీసుకుంటే ఏబీఐ 0.93, చిన్నదాన్ని తీసుకుంటే 0.70. ఒకే కాలు, ఒకే రోజు, ఒకే మనిషి కొలిచినా, ఒక లెక్కలో జబ్బు తేలలేదు, ఇంకో లెక్కలో ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం జబ్బు నిర్ధారణకు పెద్దదాన్నే తీసుకోవాలి. లేని జబ్బును ఉందని చెప్పకుండా ఉండడానికి ఆ జాగ్రత్త. కానీ దానికి చెల్లించే ధర తక్కువేం కాదు. 2006లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో, పెద్ద ఒత్తిడిని వాడితే జబ్బున్న ప్రతి వందమందిలో 68 మంది దొరికారు, చిన్నదాన్ని వాడితే 89 మంది దొరికారు. జబ్బు లేనివాళ్ళని లేరని సరిగ్గా చెప్పడం మాత్రం 99 శాతం నుంచి 93కి తగ్గింది. కాలి మీద పుండు ఉన్న షుగర్ రోగి విషయంలో ఆ ఆరు శాతం తప్పుడు అలారం భరించదగినదే. వదిలేసిన 21 మందిని భరించడం కష్టం. అందుకే రిపోర్టులో ఆఖరి భాగహారం ఒక్కటే కాకుండా ఆరు ఒత్తిళ్ళూ విడివిడిగా ఉండాలి.

కొలతలో దొర్లే పొరపాట్లు ఇంకా మామూలువి. కూర్చోబెట్టి కొలిస్తే చీలమండ గుండె కంటే కిందకి ఉంటుంది కాబట్టి రక్తం బరువు కూడా కలిసి అంకె సగటున 0.3 దాకా పెరిగిపోతుంది. అంటే 0.75 ఉన్న కాలు 1.05గా కనిపించవచ్చు. రోగిని మెట్లెక్కించి తెచ్చి వెంటనే కొలిస్తే ఇంకో రకం తప్పు. పట్టీ వెడల్పు అవయవం చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. లావుగా ఉన్న కాలికి చిన్న పట్టీ వేస్తే లేని ఒత్తిడి చూపిస్తుంది. ఒక చేతికే బీపీ చూసి ఊరుకోవడం ఇంకా ప్రమాదం. ఆ చేతికి వెళ్ళే ధమనిలోనే పూడిక ఉంటే భాగించే అంకె తగ్గిపోతుంది, జబ్బున్న కాలు కూడా నార్మల్‌గా బయటపడుతుంది. కాళ్ళలో పూడిక ఉన్నవాళ్ళకి చేతి ధమనిలో కూడా ఉండే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ కాబట్టి దీన్ని అరుదైన సంగతిగా కొట్టిపారేయలేం. అన్నీ సరిగ్గా చేసినా రెండు సందర్భాల కొలతల మధ్య కొంత తేడా వస్తుంది. పోయినసారి 0.82, ఈసారి 0.78 అని కంగారు పడక్కర్లేదు, 0.15 కంటే ఎక్కువ పడిపోతే జబ్బు ముదిరిందని అనుమానించాలి.

ఇక అసలు ప్రశ్న, మొత్తంగా ఈ పరీక్ష ఎంత నమ్మదగినది? 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష ఉంది. సగానికి సగం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇరుకైన ధమనిని 0.90 అనే గీత ఎంతవరకు పట్టుకుంటుందో అందులో చూశారు. జబ్బు లేనివాళ్ళని లేదని చెప్పడంలో 83 నుంచి 99 శాతం దాకా సరిగ్గా ఉంది. జబ్బున్నవాళ్ళని పట్టుకోవడంలో మాత్రం అధ్యయనాన్ని బట్టి 15 శాతం నుంచి 79 శాతం వరకు ఊగింది. వయసు మళ్ళినవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో మరీ తక్కువ. 2016లో, వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఇంకా కఠినమైన జల్లెడ పట్టింది. నడిస్తే కాళ్ళు నొప్పి పెట్టేవాళ్ళలో ఏబీఐని నమ్మకమైన స్కానింగులతో పోల్చిన అధ్యయనాల కోసం వెతికితే తమ నియమాలకు నిలిచింది ఒకే ఒక్కటి. అందులో ఉన్నది 85 మంది. ప్రపంచమంతా దశాబ్దాలుగా వాడుతున్న పరీక్షకు దొరికిన గట్టి ఆధారం అంత పలచగా ఉండడం ఆందోళన కలిగించే విషయమే. పరీక్ష పనికిరాదని దానర్థం కాదు, దాని మీద పెట్టుకున్న ధీమాకి తగినంత కొలత జరగలేదని.

నార్మల్ అంకె ఎందుకు మోసం చేస్తుంది అన్నదానికి గట్టి కారణాలు మూడు కనిపిస్తాయి. వాటిలో మన దగ్గర అన్నిటికంటే పెద్దది ధమని గోడలో కాల్షియం పేరుకోవడం. ఎక్కువ కాలం షుగర్ ఉన్నవాళ్ళలో, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో, బాగా వయసు పైబడినవాళ్ళలో ధమని గోడ మధ్య పొరలో సున్నంలా కాల్షియం పడుతుంది. బీపీ కొలవడమంటే పట్టీతో ధమనిని బయటినుంచి నొక్కి మూయడం. రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో నొక్కితే మూసుకుంటుంది, ఇనుప గొట్టం మూసుకోదు. గోడ బిగిసిన ధమనిని మూయడానికి 200, 250 దాకా ఒత్తిడి పెట్టాల్సి రావచ్చు. మీటరు చూపించేది గోడ గట్టిదనాన్ని, లోపలి రక్తం ఒత్తిడిని కాదు. అంకె 1.40 దాటితే డాక్టరు వెంటనే గుర్తుపడతాడు. ప్రమాదమంతా మధ్యలో ఉంది. నిజంగా 0.70 ఉండాల్సిన కాలు, గోడ గట్టిదనం వల్ల పెరిగి 1.05కి వచ్చి ఆగితే అది అందరికీ నార్మల్‌గానే కనిపిస్తుంది. పూడిక కిందికి లాగుతుంది, కాల్షియం పైకి నెడుతుంది, రెండూ సరిపోయి మంచి అంకె తయారవుతుంది.

ఈ కాలికి బొటనవేలి ఒత్తిడి చూడాలి. వేళ్ళ ధమనులకు ఈ కాల్షియం బెడద సాధారణంగా తక్కువ. బొటనవేలికి చిన్న పట్టీ చుట్టి, వేలి చివర వెలుతురుతో పనిచేసే సెన్సర్ పెట్టి కొలుస్తారు. దాన్ని చేతి బీపీతో భాగిస్తే 0.70 కంటే తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు. వేలి ఒత్తిడి 30 కంటే దిగువకు పడిందంటే పుండు తనంతట మానే అవకాశం బాగా తగ్గిపోతుంది, రక్తప్రసరణ పునరుద్ధరించే మార్గం తొందరగా చూడాలి. షుగర్ పాదాల మీద అంతర్జాతీయ సూచనలు కూడా ఏబీఐ ఒక్కదాని మీద ఆగిపోవద్దనే చెబుతున్నాయి. ఏబీఐ, వేలి ఒత్తిడి, డాప్లర్ చప్పుడును గీతగా చూపే అలల ఆకారం, మూడూ బాగుంటేనే జబ్బు ఉండే అవకాశం తక్కువని అనుకోవాలి. పాదాలు చల్లబడి ఉంటే వేలి కొలత తప్పుతుంది, వేలు ఇప్పటికే తీసేసి ఉంటే ఆ దారే ఉండదు. అయినా ఇంత ముఖ్యమైన కొలతకు కావాల్సిన పరికరం చాలా ఊళ్ళలోని ఆసుపత్రుల్లో ఉండదు. షుగర్ క్లినిక్ నడిపే ప్రతిచోటా ఇది ఉండి తీరాలి.

రెండో కారణం, విశ్రాంతి. కాళ్ళు కదలనప్పుడు కండరాలకు కావాల్సిన రక్తం తక్కువ. ధమని ఒక మోస్తరుగా ఇరుకైనా ఆ కొంచెం రక్తం ఒత్తిడి పడకుండా దాటిపోతుంది. ధమని అడ్డుకొలత సగమైతే దారి వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. అక్కడిదాకా వచ్చాకే పడుకున్న మనిషిలో ఒత్తిడి తేడా పైకి తేలుతుంది. పక్కనుంచి పెరిగిన చిన్న నాళాలు కూడా లోటును కొంత పూడ్చేస్తాయి. అందుకే ‘నాలుగు వీధులు నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది’ అని చెప్పే మనిషికి ఏబీఐ 0.95 వచ్చిందని వదిలేయకూడదు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, అది లేకపోతే మునివేళ్ళ మీద పైకీ కిందకీ లేపించి, మళ్ళీ కొలవాలి. వ్యాయామం తర్వాత అంకె 20 శాతం కంటే ఎక్కువ పడినా, చీలమండ ఒత్తిడి 30 పాయింట్ల కంటే ఎక్కువ దిగినా అనుమానం నిజమే. నొప్పి తగ్గడానికి కూర్చోవాల్సి వస్తే, ముందుకి వంగితే హాయిగా ఉంటే, అది నడుం దగ్గర వెన్నుపూసలో నరాలు నొక్కుకుపోవడం వల్ల కావచ్చు. ఈ రెండిటినీ విడదీయడంలో వ్యాయామం తర్వాతి ఏబీఐ చాలా ఉపయోగపడుతుంది.

మూడోది, పూడిక చీలమండకి కింద ఉండడం. పట్టీ కట్టే చోటుకి కింద జరిగేదాన్ని చీలమండ బీపీ చెప్పలేదు. బీడీలు, సిగరెట్లు బాగా తాగే, ఎక్కువగా 45 ఏళ్ళలోపు మగవాళ్ళలో వచ్చే బర్జర్స్ జబ్బు పాదంలోని, వేళ్ళలోని చిన్న ధమనుల్లోనే మొదలవుతుంది. చీలమండ దగ్గర 1.0 ఉండి వేళ్ళు నల్లబడడం వీళ్ళలో ఉంటుంది.

ఈ లోపాలు మన దగ్గర ఎందుకు ఎక్కువ బరువు తూగుతాయంటే, షుగర్ లెక్కల వల్ల. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. పక్కనే ఉన్న చెన్నైలో చేసి 2000లో ప్రచురించిన ఒక జనాభా అధ్యయనంలో, ఏబీఐ తగ్గినవాళ్ళు మొత్తం మీద 3.2 శాతం, షుగర్ ఉన్నవాళ్ళలో 6.3 శాతం. పాశ్చాత్య దేశాల అంకెలతో పోలిస్తే ఇవి తక్కువ. చెన్నైలో పరీక్షించినవాళ్ళ వయసులు తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. అయితే గట్టిపడిన ధమనులు నార్మల్ లెక్కలోకి జారిపోయే పరీక్షతో కొలిచినప్పుడు షుగర్ ఉన్నవాళ్ళ అంకె అసలు కంటే తక్కువగానే కనిపిస్తుంది. ఆ 6.3ని కనీస సంఖ్యగా చదువుకోవడం మంచిది.

పరీక్ష ఎవరికి చేస్తున్నామన్నది కూడా నమ్మకాన్ని మార్చేస్తుంది. ఒక ఊహా లెక్క తీసుకుందాం. జబ్బున్న వందలో 70 మందిని పట్టుకుని, జబ్బు లేని వందలో 95 మందిని సరిగ్గా లేదని చెప్పే పరీక్ష మన చేతిలో ఉంది. ఏ బాధా లేని వెయ్యిమందికి క్యాంపులో చేశాం, వాళ్ళలో అసలు జబ్బు 50 మందికే ఉంది. అప్పుడు నిజంగా దొరికేది 35 మంది, జబ్బు లేకుండానే భయపడేది దాదాపు 48 మంది. అంటే ‘ఉంది’ అని వచ్చినవాళ్ళలో సగానికి పైగా లేనివాళ్ళే. అదే పరీక్ష, పుండ్లతో, కాలి నొప్పులతో వచ్చిన వెయ్యిమందికి చేద్దాం, వాళ్ళలో సగం మందికి జబ్బు ఉందనుకుందాం. ఇప్పుడు ‘ఉంది’ అని వచ్చిన 375 మందిలో 350 మందికి నిజంగానే ఉంది. కానీ ‘లేదు’ అని వచ్చిన 625 మందిలో 150 మందికి జబ్బు ఉంది, దాదాపు నలుగురిలో ఒకరు. బాధ ఉన్న కాలికి నార్మల్ రిపోర్టు ఇచ్చి పంపించేస్తే నష్టపోయేది వీళ్ళే.

బాధ లేనివాళ్ళందరికీ చేయాలా వద్దా అన్నదాని మీద అమెరికాలోనే ఏకాభిప్రాయం లేదు. ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహాలిచ్చే అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2018లో, మేలుందని గానీ లేదని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవంది. హృద్రోగ సంఘాలు 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం 65 ఏళ్ళు దాటినవాళ్ళకి, 50 దాటి షుగర్, పొగతాగడం లాంటి కారణాలున్నవాళ్ళకి చేయడం సబబే అంటున్నాయి. ఇంత షుగర్ ఉన్న మన చోట రెండో మాటే ఆచరణకు దగ్గరగా ఉంది, వేలి ఒత్తిడిని కూడా దానికి జతచేస్తే.

ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ బీపీ మిషన్‌ను కాలికి చుట్టి చూసుకోవడం వద్దు. ఆ పట్టీ, దాని లోపలి లెక్క చేతి కోసం తయారైనవి. ఇలాంటి మిషన్లు పూడిక ఉన్న కాళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, 50 కంటే తక్కువ ఒత్తిడిని చాలావరకు పట్టుకోలేవు. ఆసుపత్రిలో వాడే ఆటోమేటిక్ ఏబీఐ యంత్రం కాలికి పదేపదే ‘ఎర్రర్’ చూపిస్తుంటే, మిషన్ బాగోలేదని సర్దుకుపోకుండా డాప్లర్‌తో కొలిపించాలి. అంకె రాకపోవడమే ఆ కాలి జబ్బుకు సూచన కావచ్చు.

తక్కువ అంకె ఎందుకు విలువైనదో చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. 2008లో 16 జనాభా అధ్యయనాల నుంచి 48 వేల మందికి పైగా వివరాలు కలిపి చూస్తే, ఏబీఐ 0.90 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళలో పదేళ్ళలో మరణాలు మిగతావాళ్ళ కంటే సుమారు రెండింతలు. మిగతా ప్రమాద కారణాలను లెక్కలోకి తీసుకున్నా అంతే. కాలిలో పూడిక ఉందంటే గుండెలో, మెదడు నాళాల్లో కూడా ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి 0.8 వచ్చిన మనిషికి కాలు నొప్పి లేకపోయినా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు, బీపీ షుగర్ల అదుపు, పొగ మానేయడం, రక్తం గడ్డకట్టకుండా మందు అవసరమా అన్న ఆలోచన, ఇవన్నీ అదే రోజు మొదలవ్వాలి. నొప్పి ఉన్నవాళ్ళకి క్రమం తప్పని నడక మందుతో సమానంగా పనిచేస్తుంది.

సిరల జబ్బు వల్ల కాలి మీద పుండు పడ్డవాళ్ళకి బిగుతు కట్టు కట్టే ముందు కూడా ఇదే అంకె చూస్తారు. సాధారణంగా 0.8 కంటే తక్కువ ఉంటే పూర్తి బిగుతు కట్టు కట్టరు, అసలే తక్కువగా వస్తున్న రక్తం ఆగిపోతుందని. ఇక్కడ కాల్షియం వల్ల దొంగగా పెరిగిన అంకెను నమ్మి కట్టు బిగిస్తే పాదానికే ప్రమాదం. షుగర్ గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్న మనిషికి అలాంటి కట్టు రాసినప్పుడు, ‘వేలి ఒత్తిడి చూశారా?’ అని అడగడంలో మొహమాట పడక్కర్లేదు. కట్టిన తర్వాత వేళ్ళు చల్లబడినా, రంగు మారినా, నొప్పి పెరిగినా మర్నాటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా కట్టు విప్పేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.